చెట్టు పనికి మనిషిని పిలిచే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో కొబ్బరి దింపు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దించడం, నా అసలు పని. దింపు లేని రోజుల్లో ఇళ్ళ దగ్గర మామిడి, వేప, మునగ కొమ్మలు కొడతాను, పెంకుల మీద ఆకులు ఏరతాను, ఇంకా ఎవరికీ తీరిక లేని బయటి పనులన్నీ చేస్తాను. 20 ఏళ్ళు దాటింది. ఫోన్‌లోనూ చెట్టు కిందా జనం అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి, ఒక్కసారి కూర్చుని జవాబులు రాశాను.

పొద్దున్నే ఎన్నింటికి వస్తారు? మధ్యాహ్నం వస్తే కుదరదా?

6 గంటలకల్లా తోటలో ఉంటాను. లేవడం 5కే. లేవగానే టీ కంటే ముందు తాడు చూసుకుంటాను, మోకుని చేత్తో మెలితిప్పుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోతే ఎక్కడ పోగు తెగిందో వేళ్ళకి తెలిసిపోతుంది. తెగిన పోగు ఒక్కటి కనిపించినా ఆ తాడు ఇక చెట్టెక్కదు, మట్టల మోపులు కట్టుకోవడానికి పోతుంది.

ఎండాకాలంలో 11 దాటాక పైకి వెళ్ళను. అప్పటికి చేతులు చెమటకి జారతాయి, పైన కళ్ళు బైర్లు కమ్మితే పట్టుకునేవాడు ఉండడు. మధ్యాహ్నం రమ్మంటే కింద పని చేసి పెడతాను, కాయల పీచు ఒలుపు గానీ కట్టెలు కొట్టడం గానీ. కడుపు నిండా తిని కూడా ఎక్కను, మధ్యలో మజ్జిగ తాగుతాను, అన్నం పని అయ్యాకే.

వచ్చీ రాగానే ఎక్కకుండా చెట్టు చుట్టూ తిరుగుతారేం?

ఇదే పని అండీ. ఎక్కడం తర్వాత సంగతి.

నాకు పని నేర్పింది మా మేనమామ. మొదటి రెండు నెలలు నన్ను చెట్టు ఎక్కనివ్వలేదు, చూడమన్నాడు. మొదలు దగ్గర మట్టి కదిలిందా, వేళ్ళు పైకి తేలాయా, మాను మీద గోధుమ రంగు జిగురు కారుతోందా, చెట్టు ఎటు వాలింది, ఆ వాలిన వైపు కింద ఏముంది, తల దగ్గర ఎండిన మట్ట ఏది వేలాడుతోంది, కరెంటు తీగ ఎంత దూరం, ఎలుక గూడు ఉందా, కందిరీగలు తిరుగుతున్నాయా. ఇవన్నీ కింద నుంచే కనిపిస్తాయి. పైకి వెళ్ళాక కనిపిస్తే చేసేది చాలా తక్కువ. పొడవు రకం కొబ్బరి 50, 60 అడుగులు పోతుంది, అక్కడ నిలబడి ఆలోచించుకునే చోటు ఉండదు.

ఇంటివాళ్ళకి ఆ పావుగంట టైం వేస్ట్ చేస్తున్నట్టు ఉంటుంది. "ఎక్కు బాబూ, మాకు పనులున్నాయి" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. ఈ పేజీ మొత్తంలో ఒక్కటే గుర్తుంటే చాలనుకుంటే, ఇది గుర్తుపెట్టుకోండి: చెట్టు మనిషి "ఎక్కను" అంటే ఆ మాట నమ్మండి, బేరం పెంచి ఎక్కించకండి.

దింపు ఎన్నాళ్ళకోసారి చేయించాలి?

మా వైపు 45 రోజుల నుంచి రెండు నెలల మధ్య చేయిస్తారు. కొబ్బరి చెట్టు ఇంచుమించు నెలకో మట్ట వేస్తుంది, ప్రతి మట్ట చంకలోనూ ఒక గెల వస్తుంది. పూత నుంచి కాయ ముదరడానికి 11, 12 నెలలు పడుతుంది. అందుకే ఒకే చెట్టు మీద పిందె నుంచి ముదురు కాయ దాకా అన్ని వయసులవీ వరసగా ఉంటాయి, అన్నిటికంటే కింద ఉన్న గెల అన్నిటికంటే పెద్దది. అక్కడి నుంచి దింపుకుంటూ రావాలి. కాయని కత్తి వెనక వైపుతో తట్టినా, ఊపి నీళ్ళ చప్పుడు విన్నా ముదిరిందో లేదో తెలుస్తుంది.

బొండాలు కావాలంటే ముందే చెప్పండి. 6, 7 నెలల కాయలో నీళ్ళు బాగుంటాయి, కానీ దాన్ని పై నుంచి వదిలితే పగిలిపోతుంది, గెలకి తాడు కట్టి దించాలి. ముదురు కాయలు దింపే దానికంటే దీనికి రెట్టింపు టైం పడుతుంది, కూలి కూడా అలాగే ఉంటుంది.

పచ్చి మట్టలు కూడా కొట్టేస్తే ఇల్లు శుభ్రంగా ఉంటుంది కదా, ఎందుకు ఒప్పుకోరు?

చెట్టుకి అన్నం పెట్టేది ఆ ఆకే కాబట్టి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు తల మీద 30 నుంచి 40 మట్టలుంటాయి. ఒక పచ్చి మట్ట నరికితే దాని చంకలో ఉన్న గెలకి ఆసరా పోతుంది, తిండీ పోతుంది. తల బోడిగా చేసి నాలుగు మట్టలు నిలబెట్టిన చెట్లు టౌన్‌లో అపార్ట్‌మెంట్ల ముందు చూస్తుంటాను, చాలా బాధేస్తుంది. ఆ చెట్టు మళ్ళీ సరిగ్గా కాయడానికి ఏళ్ళు పడుతుంది.

ఇంకో సంగతి ఉంది. పచ్చి గాయం వాసనకి ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. కరెంటు తీగకో, గోడకో తగులుతున్న పచ్చి మట్టని తప్పనిసరిగా కొట్టాల్సి వస్తే మొదలంటా కొట్టను, మాను నుంచి 4 అడుగుల మొండెం వదిలేస్తాను. చూడ్డానికి బాగోలేదని ఇంటివాళ్ళు అంటారు, కానీ పురుగు ఆ మొండెం గుండా మాను దాకా చేరడం కష్టం. అది ఎండాక తర్వాతి దింపులో తీసేస్తాను.

అలాగే కొబ్బరి మాను మీద మెట్లలా గాట్లు పెట్టమని, లైట్లు వేలాడదీయడానికి మేకులు కొట్టమని అడగకండి. మామిడి, వేప మానుకి దెబ్బ తగిలితే పక్క నుంచి బెరడు వచ్చి మూసుకుంటుంది. కొబ్బరికి అలా మూసుకోదు, ఆ గాటు చెట్టు బతికినన్నాళ్ళూ ఉంటుంది. మొవ్వు, అంటే తల నడుమ కొత్త ఆకు పుట్టే చోటు, దాని సంగతి సరేసరి. కొమ్మలు లేని చెట్టు, ఉన్నది ఒక్కటే మొవ్వు, అది పోతే చెట్టు పోయినట్టే.

ఎక్కడానికి ఏం వాడతారు? మిషన్ లేదా?

కాళ్ళకి తాడు బంధం, నడుముకి మోకు, వెనక కత్తి. కొమ్మల పనికి రంపం, గొడ్డలి, లావు కొమ్మలకి పెట్రోలు రంపం మిషన్. మామిడికాయలకి దోటి, దాని చివర చిక్కం. తలకి హెల్మెట్ పెట్టుకుంటాను, మొదట్లో తోటి వాళ్ళు వింతగా చూసేవాళ్ళు, ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కొనుక్కున్నారు, అది చూస్తే నాకు నిజంగా సంతోషం.

కొబ్బరి ఎక్కే మిషన్ ఉంది. రెండు ఇనుప చట్రాలు మానుకి తగిలించుకుని, ఒక్కో కాలితో ఒక్కోటి పైకి జరుపుకుంటూ పోవాలి. కేరళలో బాగా వాడతారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి ఈ మిషన్ మీద కుర్రాళ్ళకి శిక్షణ ఇస్తోంది, చెట్టెక్కేవాళ్ళకి కేర సురక్ష అనే బీమా కూడా ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు మిషన్ మీదే నేర్చుకోండి, ఆ బీమా గురించి కనుక్కుని చేరండి. నేను తాడుతో రోజుకి 30, 40 చెట్లు ఎక్కుతాను. ఒక్కో చెట్టుకి తగిలించడం, విప్పడం ఉంటుంది కాబట్టి మిషన్‌తో నాకు అన్ని కావు. అయినా ఇంటి దగ్గర ఒకటి రెండు చెట్లున్న చోట నేను కూడా మిషనే వాడుతున్నాను, మోకాళ్ళకి, అరికాళ్ళకి చాలా సుఖం.

ఎప్పుడైనా పడ్డారా?

పూర్తిగా పడలేదు. జారాను ఒకసారి.

అప్పటికి నేను పనిలో చేరి మూడేళ్ళు. తల దగ్గరకి వెళ్ళాక, తొందరలో ఎండు మట్ట మొదలు పట్టుకుని ఒళ్ళు పైకి లాగాను. అది ఊడి చేతిలోకి వచ్చేసింది. కాళ్ళ బంధం మానుకి బిగిసి ఉండబట్టి పది అడుగులు జారి ఆగాను, రొమ్ము, చేతులు, తొడలు మొత్తం గీరుకుపోయాయి. మా మామ కింద నుంచి ఒక్క మాట కూడా తిట్టలేదు, "మెల్లగా దిగరా, తొందర లేదు" అన్నాడు. ఆ రోజు నుంచి పచ్చి మట్ట మొదలు తప్ప ఇంకేదీ పట్టుకోను, దాన్ని కూడా ముందు ఒకసారి లాగి చూసే బరువు వేస్తాను. నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్ళకి చెప్పే మొదటి పాఠం ఇదే.

వాన తగ్గిపోయింది కదా, ఇప్పుడు ఎక్కొచ్చుగా?

వాన తగ్గినా మాను తడి ఆరదు. వానాకాలంలో ఉత్తరం వైపు పచ్చగా పాచి పడుతుంది, దాని మీద కాలు నిలవదు. రెండు ఎండలు కాయాలి. పండక్కి కాయలు కావాలని, కార్తీక మాసం దీపాలకి కావాలని ఒత్తిడి చేస్తారు, ఇంట్లో పూజ ముఖ్యమే, నేను కాదనను. నాలుగు రోజుల ముందు చెప్పండి, ఎండ చూసుకుని దింపి పెడతాను.

కొమ్మ కరెంటు తీగకి తగులుతోంది, చిన్న కొమ్మే, కొట్టేస్తారా?

కొట్టను. సరఫరా ఆపితేనే కొడతాను.

తీగ మీద పడ్డ పచ్చి కొమ్మ లోపల నీరే ఉంటుంది, కరెంటు దాని గుండా మనిషి దాకా వస్తుంది. 11 కేవీ తీగ అయితే ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తే చాలు. అల్యూమినియం నిచ్చెన వేసుకుని, ఇనుప గొట్టానికి కొడవలి కట్టుకుని సొంతంగా కొట్టుకుందామనుకునే వాళ్ళని చేతులెత్తి వేడుకుంటున్నాను, ఆ పని చేయకండి. 1912కి ఫోన్ చేయండి, లేదా మీ ఊరి లైన్‌మన్‌కి చెప్పండి. ఆయన సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని, లైన్ ఆపించి, అక్కడే నిలబడి ఉంటే అప్పుడు పదినిమిషాల పని. ఇంట్లో మెయిన్ ఆపాం అంటారు చాలామంది. మెయిన్ ఆపితే మీ ఇంట్లో కరెంటు పోతుంది, వీధి తీగలో పోదు.

చెట్టుకి పురుగో తెగులో ఉందని ఎలా తెలుస్తుంది?

కొమ్ము పురుగు అయితే కొత్తగా విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. మొవ్వు దగ్గర రంధ్రం ఉంటే ఇనుప చువ్వతో పురుగుని బయటికి లాగుతాను. తర్వాత మొవ్వు పక్కనున్న లేత మట్టల చంకల్లో మూడు నాలుగు కలరా ఉండలు పెట్టి ఇసక కప్పుతాను, 45 రోజులకోసారి మళ్ళీ పెట్టాలి, ఎలాగూ దింపుకి వస్తాను కాబట్టి సరిపోతుంది. ఈ పురుగు పెరిగేది మీ పెంటకుప్పలో, కుళ్ళిన మానుల్లో. చెట్టు మీద ఎన్నిసార్లు లాగినా, కింద కుప్ప అలాగే ఉంటే మళ్ళీ వస్తూనే ఉంటుంది.

ఎర్ర ముక్కు పురుగు దీనికంటే ప్రమాదం. మానుకి చిన్న రంధ్రాలు, అందులోంచి నమిలిన పీచు, గోధుమ రంగు రసం. చెవి మానుకి ఆనించి వింటే లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినిపించిన చెట్టు నేను ఎక్కను, తల ఎప్పుడు విరిగి పడుతుందో తెలియదు.

గానోడెర్మా తెగులు వస్తే మొదలు దగ్గర మాను మీద జిగురు కారుతుంది, ఆకులు వాలిపోతాయి, ముదిరాక మొదట్లో పుట్టగొడుగులు వస్తాయి. పైకి చెట్టు పచ్చగానే ఉండొచ్చు, లోపల వేళ్ళు కుళ్ళి ఉంటాయి. మొదట్లోనే కనిపెడితే, ఏటా చెట్టుకి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులుని అణిచే మేలు చేసే బూజు) కలిపి వేయమని ఉద్యానవన శాఖ వాళ్ళు చెబుతారు. మందుల విషయం వాళ్ళనే అడగండి, మాకు దగ్గర్లో అంబాజీపేటలో ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది, ఆకు, ఫొటో పట్టుకెళ్ళి చూపించడం మంచిది.

మామిడి, వేప, మునగ కొమ్మలు ఎప్పుడు కొట్టించాలి?

మామిడి అయితే కాయ కోసేశాక, జూన్ నుంచి ఆగస్టు లోపు. ఎండు కొమ్మలు, లోపలికి పెరిగి వెలుతురు ఆపేవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీయించండి. బదనిక (కొమ్మ మీదే మొలిచి దాని రసం తాగే మొక్క) ఉంటే అదొక్కటే లాగితే లాభం లేదు, పట్టిన చోటుకి కాస్త కిందికి కొమ్మతో సహా కొట్టేయాలి. ఇళ్ళ మీదికి వాలిన వేప, నిద్రగన్నేరు లాంటివి వానలు రాకముందే, మే నెలలో. మునగ పెళుసు, దాని మీద మనిషి బరువు వేయకూడదు, నిచ్చెన వేరే ఆసరాకి కట్టుకుని కొట్టాలి.

లావు కొమ్మని ఒక్క వేటుకి కొట్టమనకండి. ముందు కింద నుంచి కొంత కోయాలి, తర్వాత కాస్త అవతలగా పై నుంచి కోస్తే కొమ్మ బెరడు చీల్చుకోకుండా పడుతుంది, చివరికి మిగిలిన మొండెం తీయాలి. అది కూడా మానుకి సమంగా గీకేయకూడదు, కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఒక మెడ ఉంటుంది, దాన్ని వదిలితేనే గాయం మూసుకుంటుంది. మామిడికి కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి.

తేనెపట్టు ఉంటే? పాములుంటే?

పెద్ద తేనెపట్టు ఉన్న చెట్టు జోలికి పోను, పట్టు తీసేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళని పిలిచి తర్వాత నన్ను పిలవండి. కందిరీగలు కొబ్బరి మట్ట అడుగున గూడు పెడతాయి, కింద నుంచి కనిపించదు, అందుకే ఎక్కే ముందు మట్టలకి ఒక రాయి విసిరి చూస్తాను. మామిడి మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్ర చీమలతో మంట పుడుతుంది గానీ ప్రమాదం లేదు. పాములు ఎలుకల కోసం పైకి వస్తాయి. నేను చూసినవి చాలావరకు నన్ను చూసి జారుకున్నవే. గూళ్ళలో పిల్లలున్న పక్షి కనిపిస్తే ఆ కొమ్మ వదిలేస్తాను, నెల తర్వాత వచ్చి కొడతాను. దీనికి ఇప్పటివరకు ఏ ఇంటివాళ్ళూ కాదనలేదు.

చెట్టు మొత్తం కొట్టేయాలంటే?

ముందు అనుమతి సంగతి చూసుకోండి. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉంది, సొంత స్థలమే కదా అని మొదలంటా నరికితే జరిమానా పడొచ్చు. మీ సచివాలయంలో గానీ అటవీ శాఖ ఆఫీసులో గానీ అడిగి, కాగితం తీసుకున్నాకే నన్ను పిలవండి. కొమ్మలు కొడితే సరిపోయే చెట్టుని కూడా ఆకులు రాలుతున్నాయని కొట్టేయమనేవాళ్ళుంటారు. వాళ్ళకి ముందు కొమ్మలు తీసి చూపిస్తాను, వెలుతురు వచ్చాక చాలామంది మనసు మార్చుకున్నారు.

ఇంకా ఏమేం పనులు చేస్తారు?

పెంకుల మీద ఆకులు ఏరడం, డాబా మీద నీళ్ళు పోయే గొట్టాల్లో ఇరుక్కున్న చెత్త తీయడం, గోడ పగుళ్ళలో మొలిచిన రావి మొక్కలు వేరుతో సహా పీకడం, దడి కట్టడం, వంటకట్టెలు చీల్చడం, చెట్టెక్కి దిగలేక ఏడుస్తున్న పిల్లిని దించడం. మట్టలు మీకొద్దంటే నేను తీసుకెళ్తాను, ఇంట్లో మా అమ్మ ఈనెలు తీసి చీపుళ్ళు కడుతుంది.

బావిలో మాత్రం దిగను. చాలాకాలం మూసి ఉన్న బావిలో గాలి చెడిపోయి ఉంటుంది, దిగినవాడు పైకి కేక వేసేలోపే పడిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడు కూడా. దానికి సామాన్లున్న వాళ్ళని పిలవండి.

తుఫాను వస్తుందంటే ముందు ఏం చేయించాలి?

ఎండు మట్టలు, ముదురు కాయలు దింపించేయండి, గాలికి అవే ముందు ఎగిరి ఇళ్ళ మీద పడతాయి. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమని పెద్ద తుఫాను కొట్టినప్పుడు నాకు 10 ఏళ్ళు. తెల్లారి బయటికి వస్తే మా వీధి చివర తోటలో నిలబడ్డ చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా మామ ఆ తర్వాత చాన్నాళ్ళు దింపు మాట ఎత్తలేదు, పడ్డ మానులు కోయడమే పని. కొత్తగా వేసిన పొడవు రకం మొక్క కాపుకి రావడానికి 6, 7 ఏళ్ళు పట్టింది. తుఫాను వెళ్ళిన మర్నాడే చెట్టెక్కమని పిలవకండి, సగం విరిగి వేలాడే తలలు, తెగిన తీగలు ఎక్కడెక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

పని చేసేటప్పుడు మేం ఏం చేయాలి?

పిల్లల్ని, కుక్కని ఇంట్లో ఉంచండి, బండి, బట్టల తీగ పక్కకి తీయండి. నేను పై నుంచి "కాయ!" అంటే తల ఎత్తి చూడకండి, దూరం జరగండి. పడ్డ కాయ దొర్లుతుంది కూడా. ఎవరైనా పడిపోతే రెక్కలు పట్టుకుని లేపి కూర్చోబెట్టకండి, నీళ్ళు పోయకండి, మెడ కదలకుండా పడుకున్నచోటే ఉంచి 108కి ఫోన్ చేయండి. వెన్ను దెబ్బని ఆటోలో మడతపెట్టి తీసుకెళ్ళడం వల్ల నడవాల్సిన మనిషి మంచాన పడ్డాడు మా పక్క ఊళ్ళో.

డబ్బులు ఎలా లెక్క? వచ్చి "ఎక్కను" అని వెళ్ళిపోతే కూడా ఇవ్వాలా?

దింపు చెట్టుకి ఇంత అని, కొమ్మల పని పూటకి ఇంత అని. తోట పెద్దదైతే ఏరేవాళ్ళ, ఒలుపువాళ్ళ కూలి వేరు. రేటు ఊరిని బట్టి మారుతుంది, ముందే మాట్లాడుకుందాం.

రెండో దానికి నేను ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు. కొన్నేళ్ళ కింద ఒక పెద్దావిడ ఇంట్లో చెట్టు మొదట్లో జిగురు చూసి ఎక్కనన్నాను. ఆవిడ పిండి రుబ్బుతూ లేచి వచ్చి, చెయ్యి కడుక్కుని, పూట కూలి నా చేతిలో పెట్టి, "మొదలు చూసి చెప్పావు, అది పని కాదా నాయనా" అంది. ఇవ్వాలో లేదో మీరే చూసుకోండి, రానూపోనూ పెట్రోలు ఖర్చు ఇచ్చినా నాకు చాలు.

ఫోన్‌లో ఏం చెప్పాలి?

ఏ చెట్టు, ఎంత ఎత్తు, పక్కన తీగ ఉందా, ఇంటికి ఎంత దూరం. వీలైతే మూడు ఫొటోలు వాట్సాప్‌లో పంపండి: తల ఒకటి, మాను ఒకటి, మొదలు దగ్గర మట్టి కనిపించేలా ఒకటి. అందరూ తల ఫొటోనే పంపుతారు, నాకు ముందు కావాల్సింది మొదలు ఫొటో.